చేతికి కాదు, చిరునామాకి

బజారు వీధి, కొయ్యసామాన్ల కొట్టు
సోమవారం

చెల్లీ,

ఫోను చేద్దామనుకున్నాను. చేస్తే నువ్వు "హలో" అనేలోపే నా నోరు జారుతుంది, పోయినసారిలాగే నువ్వు మధ్యలో పెట్టేస్తావు. అందుకని కాగితం తీశాను. కాగితమైతే కనీసం చివరిదాకా వింటావు.

నీకు సర్టిఫికెట్టు వచ్చిందట. సంతోషం. నాకెవరు చెప్పారో తెలుసా? మేకుల కొట్టాయన. స్క్రూలు తూచి పొట్లం కడుతూ, "మీ చెల్లెలుగారికి బడి బెంచీల ఆర్డరు వచ్చిందటగా, నాలుగు వందల బెంచీలట. మీరు కూడా ఓ చెయ్యి వేస్తున్నారా?" అన్నాడు. "ఆఁ, మా ఇంటి సంగతేగా" అని నవ్వాను. కొట్టుకొచ్చి చూసుకుంటే స్క్రూల పొట్లం అక్కడే మరిచిపోయి వచ్చాను. ఒక్క కడుపున పుట్టినదాన్ని, అందరికంటే ఆఖరున తెలిసింది నాకు.

ఆ పథకమేమిటో కూడా ఆయనే విడమరిచి చెప్పాడు. ప్రభుత్వంవాళ్ళు వెనకబడిన పేటలని ఓ జాబితా రాశారట. ఆ పేటల్లో నడిచే చిన్న పరిశ్రమలకి సర్టిఫికెట్టు ఇస్తారట. కొన్ని ప్రభుత్వ ఆర్డర్లు ఆ కాగితం ఉన్నవాళ్ళకే పక్కన పెడతారట. మంచిదే. కానీ నాన్న ఈ కొట్టు నా చేతిలో పెట్టి ఇరవై రెండేళ్ళయింది. కాళ్ళూగే కుర్చీ నా కొట్టు నుంచి ఒక్కటి పోయిందని ఎవరినైనా అనమను. నీకు చిత్రిక పట్టడం నేర్పిందెవరు? నీ మొదటి బల్ల చూసి నాన్న "ఇది బల్లా, జారుడుబండా?" అంటే నువ్వు మూల కూర్చుని ఏడ్చావు. ఆ బల్ల సరిచేసిందెవరు? పోయిన ఏడాది ఇవే బెంచీలకి నేనూ టెండరు వేశాను. పెద్ద ఫ్యాక్టరీలవాళ్ళ కవర్ల కింద నా కవరు విప్పారో లేదో కూడా తెలీదు. ఇప్పుడు నీది విప్పారు. అంటే వాళ్ళు ఆర్డరు ఇచ్చింది చేతికి కాదు, చిరునామాకి.

కోపంతో రాస్తున్నాననుకోకు. "మొహం ఎందుకలా ఉంది?" అని మీ బావ అడిగితే వార్నిష్ వాసన పడలేదన్నాను. పుట్టినప్పటి నుంచీ పీలుస్తున్న వాసన! పాపం, నమ్మాడు.

సంతోషంగా ఉన్నానని మళ్ళీ రాస్తున్నాను.

నీ అక్క


మిల్లు వెనక పేట, రేకుల షెడ్డు
శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "సంతోషం" అని రెండుచోట్ల రాశావు. రెండుచోట్లా కలం ఎంత గట్టిగా నొక్కావంటే కాగితం వెనక తడిమితే వేలికి తగులుతోంది.

చెప్పకపోవడం నా తప్పే. ఎనిమిది నెలలు ఆ దరఖాస్తు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి తిరిగింది. రాకపోతే నీ ముందు నవ్వులపాలవుతానని చెప్పలేదు. వచ్చాక, నువ్వేమంటావోనని చెప్పలేదు. నువ్వేమన్నావో ఇప్పుడు చదివాను కదా.

దాని తంతు నీకు తెలియాలి. షెడ్డు ఈ పేటలో ఉండాలి, యజమానిని నేనే అయి ఉండాలి, పనివాళ్ళలో మూడోవంతుకి మించి ఈ పేటలోనే కాపురం ఉండాలి. తనిఖీకి వచ్చిన అధికారి మ్యాపు పట్టుకుని మురికికాలవ గట్టున గంటసేపు నిలబడ్డాడు. కాలవకి ఇవతలుంటే వెనకబడినట్టు, అవతలుంటే ముందుపడినట్టు. మా షెడ్డు ఇవతలకే వచ్చింది. నా దగ్గర పదిమంది. అందులో నలుగురు పేటవాళ్ళు. లెక్క బొటాబొటిగా సరిపోయింది.

చిరునామా అన్నావు. ఈ చిరునామా ఎలాంటిదో ఎప్పుడైనా వచ్చి చూశావా? మిల్లు మూతపడ్డాక ఇటు బస్సు రావడం మానేసింది. కలప లారీవాడు కాలవ అవతలే దింపి పోతాడు. దుంగలు మేం భుజాన మోసుకోవాలి. పేట పేరు చెప్పగానే బజారులో షావుకార్లు "మళ్ళీ చూద్దాం" అంటారు. తొమ్మిదేళ్ళు ఈ చిరునామా నా మెడకి కట్టిన బండే అక్కా. మొదటిసారి పనికొచ్చింది.

ఇంకో సంగతి కూడా ఈ ఉత్తరంలోనే చెప్పేస్తాను. పాలిష్ బాబాయి నా దగ్గరే పనిచేస్తున్నాడు. నాన్న పక్కన కూర్చుని ముప్పై ఏళ్ళు పాలిష్ పట్టినవాడు, నీ దగ్గర మానేసి నా దగ్గరికొచ్చాడని నీకెలా చెప్పాలో తెలియలేదు.

ఒక్కటి అడుగుతాను. మేకు లేకుండా బెంచీ కాలు బిగించడం నా మనుషులకి చేతకావడం లేదు. ఒక పదిరోజులు వచ్చి నేర్పుతావా? నాకు వచ్చు గానీ, నేర్పడం నీకే వచ్చు.

చెల్లి


బజారు వీధి
బుధవారం

చెల్లీ,

బాబాయి నా దగ్గర మానేసినప్పుడు "కళ్ళు ఆనడం లేదమ్మా, ఇక ఇంట్లో కూర్చుంటాను" అన్నాడు. కళ్ళజోడు చేయిస్తానన్నాను. వద్దన్నాడు. నీ షెడ్డులో అడుగుపెట్టగానే చూపు తిరిగొచ్చినట్టుంది. మీ కాలవ నీళ్ళలో ఏం మహిమ ఉందో!

నేర్పడానికి రమ్మన్నావు. అంటే ఆర్డరు నీది, బోర్డు మీద పేరు నీది, చెయ్యి మాత్రం నాది. నీ బెంచీలు చూసి "అబ్బ, ఎంత బాగా బిగించారు" అని ఎవరైనా అంటే నువ్వు తల వంచుకుని నవ్వుతావు, నేను ఇక్కడ పాత మంచానికి పట్టె మారుస్తూ ఉంటాను. అంతేగా?

నాకో ఆలోచన వచ్చింది. మీ బావకి కూడా చెప్పలేదు. నీ షెడ్డులో ఓ మూల నాకివ్వు. ఒక బల్ల, ఒక బోర్డు. కాగితాల మీద నా కొట్టు అక్కడిదవుతుంది, పని మాత్రం ఇక్కడే జరుగుతుంది. వచ్చే ఏడాది ఆర్డర్లకి ఇద్దరం వేద్దాం. అప్పుడు వచ్చి నీ మనుషులకి పదిరోజులేం ఖర్మ, నెలరోజులు నేర్పుతాను. ఒక రేకుముక్క మీద నా పేరు రాయిస్తే నీకేం పోయింది?

నీ అక్క


మిల్లు వెనక పేట
ఆదివారం

అక్కా,

కుదరదు. ఈ మాట మెత్తగా రాద్దామని మూడు కాగితాలు చింపాను.

వాళ్ళు బోర్డు చూసి పోరు. ఎక్కువమంది ఎక్కడ పనిచేస్తే అదే అసలు ఆఫీసు అంటారు. నీ మనుషులందరూ బజారు వీధిలో చిత్రిక పడుతుంటే, ఇక్కడ ఉత్త బల్ల మీద బోర్డు నిలబడి ఏం చెబుతుంది? పట్టుబడితే నీకు రాదు, నాది ఊడుతుంది. నీకేం పోయింది అని అడిగావు. ఇది పోతే మళ్ళీ రాదు అక్కా. పదిమంది దీనిమీద ఉన్నారు.

నిజంగా రావాలనుంటే రా. మా పక్క షెడ్డు ఖాళీగా ఉంది. తలుపు నేనే దులిపి పెడతాను. కొట్టు మొత్తం ఇటు మార్చు, ఈ పేటవాళ్ళని నలుగురిని పనిలో పెట్టుకో, దరఖాస్తు నేను దగ్గరుండి నింపుతాను. ఇది ఊరికే అంటున్న మాట కాదు.

చెల్లి


బజారు వీధి
శనివారం

చెల్లీ,

నాన్న నిలబెట్టిన కొట్టుకి తాళం వేసి, కాలవ గట్టున రేకుల కింద నీ పక్కన కూర్చోమంటున్నావు. నిన్న మొన్నటిదాకా రంపం పళ్ళు ఎటున్నాయో నన్నడిగినదానివి. బాగుంది.

నియమాలు నాకు బాగా చెప్పావు. నీ నియమాలు నువ్వు పాటిస్తున్నావు కదా? ఆ నలుగురూ నిజంగా పేటలోనే ఉంటున్నారా? ఊరికే అడిగాను. జవాబు రాయక్కర్లేదు.

పని ఎక్కువగా ఉంది. కొన్నాళ్ళు ఉత్తరం రాయను.

అక్క


మిల్లు వెనక పేట
ఒకటిన్నర నెల తరవాత, గురువారం

అక్కా,

నువ్వు రాయనన్నావని నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మంగళవారం అధికారి మళ్ళీ వచ్చాడు. ఈసారి మ్యాపుతో కాదు, ఒక ఫిర్యాదుతో. సంతకం లేదు, టైపు చేసిన కాగితం. అందరి ముందూ చదివాడు. "పాలిష్ పనివాడు ఆ పేటలో కాపురం ఉండటం లేదు. రోజూ సాయంత్రం ఆరున్నరకి బజారు వీధిలో కలప అడితి పక్క మెట్లెక్కి పైగదికి పోతాడు. కావలిస్తే వచ్చి చూసుకోండి."

అది అబద్ధం కాదక్కా. బాబాయి ఇక్కడ గది అద్దెకి తీసుకున్నాడు. సగం సామాను తెచ్చాడు. పిన్నికి మోకాళ్ళు పట్టేసి ఆ మేడ దిగలేకపోతోంది, కాస్త నెమ్మదించాక తీసుకొస్తానన్నాడు. "సరే బాబాయ్, ఈలోపు నీ పేరు రాసేస్తాను" అన్నాను. రాసి సంతకం పెట్టాను. తప్పు నాది.

కానీ తిట్లు పడింది ఆయనకి. "ఈ వయసులో అబద్ధాలేమిటయ్యా? ప్రభుత్వాన్నే మోసం చేద్దామనా?" అన్నాడు అధికారి. నేను అడ్డుపడి "రాసింది నేనండీ" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. బాబాయి చేతిలో పాలిష్ గుడ్డ అలాగే ఉంది, చుక్కలు చెప్పుల మీద పడుతున్నాయి. అధికారి వెళ్ళాక గుడ్డ పిండి తీగ మీద ఆరేసి, "నా పేరు తీసెయ్యమ్మా" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆర్డరు ఆపేశారు. నూట ఇరవై బెంచీలు తయారై షెడ్డు నిండా ఉన్నాయి, మనిషి నడవడానికి సందు లేదు. ఆయన పేరు పోతే తొమ్మిదిమందిలో ముగ్గురే పేటవాళ్ళు. సరిగ్గా మూడోవంతు. మించి ఉండాలి కదా. నెల గడువిచ్చారు.

ఎవరు రాశారో నాకు తెలియదని రాస్తున్నాను.

చెల్లి


బజారు వీధి
సోమవారం

చెల్లీ,

నీ ఉత్తరం చదివి చేతులాడలేదు. ఎంత పని జరిగింది! ఈ రోజుల్లో మనుషులకి పక్కవాడు నాలుగు మెతుకులు తింటే ఓర్వలేనితనం. ఎవడి కన్నో నీమీద పడింది. ఆ ఫ్యాక్టరీలవాళ్ళే అయ్యుంటారు, వాళ్ళకి అన్నిచోట్లా మనుషులుంటారు.

నువ్వు ఏమైనా అనుకుంటావేమోనని చెబుతున్నాను. అడితి పక్క మెట్లు ఎవరికి కనపడవు? ఎదురుగా టీ కొట్టుంది. ఇటు టైలరున్నాడు. వీధిన పోయే ప్రతివాడికీ కళ్ళున్నాయి. నా గుమ్మంలో నిలబడితే ఆ మెట్లు తిన్నగా కనపడతాయన్నంత మాత్రాన నేను రోజంతా వాటినే చూస్తూ కూర్చుంటానా? నాకు పనిలేదా? అసలు టైపు చేయించడానికి నాకు తీరికేదీ?

బాబాయికి నా తరఫున ధైర్యం చెప్పు. నీకు ఏం కావాలన్నా అడుగు, మొహమాటపడకు. కలప కావాలా? నా దగ్గర ఆరిన చెక్క ఉంది, పంపిస్తాను. డబ్బులొద్దు.

నీ అక్క


మిల్లు వెనక పేట
నెల తరవాత, బుధవారం

అక్కా,

నేను నిన్నేమీ అడగలేదు. మెట్ల గురించి అడగలేదు, గుమ్మం గురించి అడగలేదు, టైపు గురించి అసలే అడగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అనకముందే నువ్వే తడుముకున్నావు. ఆ ఉత్తరం మడిచి చిత్రిక పెట్టెలో పెట్టాను. నాలుగు రోజులు పెట్టె తెరవలేదు.

ఇక్కడి సంగతి చెబుతాను. కాలవ పక్క ఇళ్ళలోంచి ఇద్దరు ఆడవాళ్ళని పనిలోకి తీసుకున్నాను. ఇక్కడే పుట్టినవాళ్ళు. ఒకామె మిల్లులో నూలు చుట్టేది, ఇంకొకామె ఇళ్ళలో పాచిపని చేసేది. ఇద్దరూ ఉలి ముట్టుకున్నవాళ్ళు కారు. నేర్పడం నాకు రాదని నీకు రాశాను గుర్తుందా? వస్తుంది. అరుచుకుంటూ, తిట్టుకుంటూ, చెక్కలు పాడుచేసుకుంటూ వస్తుంది. నూలు చుట్టినామె బెజ్జం కొడితే వెంట్రుక దూరదు. ఇప్పుడు పదకొండుమందిలో అయిదుగురు. అధికారి ఇల్లిల్లూ తిరిగి చూసుకున్నాడు. తప్పుడు పేరు రాసినందుకు నాకు హెచ్చరిక కాగితం ఇచ్చాడు, తీసుకున్నాను. సర్టిఫికెట్టు నిలిచింది. బెంచీలు బళ్ళకి వెళుతున్నాయి.

బాబాయి మాత్రం రాలేదు. ఇప్పుడు ఆయన ఎక్కడ కాపురమున్నా లెక్కకి అడ్డం లేదని మూడుసార్లు కబురు పెట్టాను. "నలుగురిలో అబద్ధాలకోరుననిపించుకున్నాను. ఆ నలుగురి మధ్యా మళ్ళీ ఎలా కూర్చోనమ్మా?" అన్నాడట.

ఒక్క మాట రాసి ముగిస్తాను. కుళ్ళు నాకు తెలియని వస్తువు కాదు. నాన్న నీ భుజం తట్టి "దీని వేళ్ళకి కళ్ళున్నాయి" అనేవాడు. నావైపు చూసి ఎప్పుడూ అనలేదు. నలభై ఏళ్ళు వచ్చినా, ఉలి పట్టుకున్న ప్రతిసారీ ఆ మాట నా చెవిలో పడుతూనే ఉంది. నీ చెయ్యి విరిగితే బాగుండునని కూడా చిన్నప్పుడు ఒకసారి అనుకున్నాను. అనుకున్నాను అక్కా. ఎవరికీ ఏమీ రాయలేదు.

నాకు చేసింది నేను ఎలాగో మింగుతాను. ఆయనకి చేసింది నాది కాదు, మింగడానికి.

నీ చెక్క నాకొద్దు.


బజారు వీధి
రెండు నెలల తరవాత, శుక్రవారం

చెల్లీ,

నేనే రాశాను.

ఈ రెండు మాటలు రాయడానికి రెండు నెలలు పట్టింది. చేతకాక కాదు. రాస్తే నువ్వు గెలిచినట్టవుతుందని.

టైపు చేయించింది బస్టాండు దగ్గర. వాడికి నేను చెబుతుంటే కొడుతూ, "ఈ ముసలాయన మీకేమవుతాడమ్మా?" అని అడిగాడు. "ఏమీ కాడు" అన్నాను. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి.

మొదట బెంచీ సంగతి చెప్పనివ్వు. రైలుగేటు దగ్గర బడికి నీ బెంచీలు వచ్చాయని తెలిసి వెళ్ళాను. మంచి ఉద్దేశంతో కాదు. ఎక్కడో ఒక కాలు ఊగుతుంది, ఎక్కడో ఒక మూల పగిలి ఉంటుంది, చూసి హాయిగా ఇంటికొస్తానని. బడి వదిలాక వరండాలోకి ఒక బెంచీ లాగి తిరగేశాను. కుదిపాను. వేళ్ళు పెట్టి జాయింట్లన్నీ తడిమాను. ఒకచోట బెజ్జం కాస్త వంకరగా ఉంది, నీ కొత్తవాళ్ళ పనై ఉంటుంది. కానీ బిగింపు! నేను కూర్చుని చేసినా అంతే వస్తుంది. అంతకంటే బాగా రాదు. నా కడుపు ఎంత మండిందో నీకు తెలియాలి. నీ బెంచీ బాగా లేకపోతే నిన్ను క్షమించేసేదాన్ని.

టీచరమ్మ వచ్చి, "ఎవరమ్మా మీరు? తనిఖీకి వచ్చారా?" అంది. "కాదు. ఈ బెంచీలు చేసినావిడ అక్కని" అన్నాను. ఇన్నాళ్ళూ అందరూ నిన్ను చూపించి "ఫలానావిడ చెల్లెలు" అనేవాళ్ళు. నా నోటితో నేను అలా తిరగేసి చెప్పడం అదే మొదలు. ఆవిడ నాకు కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. తాగలేకపోయాను.

అక్కడి నుంచి తిన్నగా బాబాయి దగ్గరికి వెళ్ళాను. మెట్ల మీద కూర్చుని ఎవరిదో పాత కుర్చీకి ఉప్పుకాగితం రుద్దుతున్నాడు. నిలబడే చెప్పేశాను. చెయ్యి ఆపకుండానే, "నాకు తెలుసమ్మా" అన్నాడు.

"ఎలా తెలుసు బాబాయ్?"

"రోజూ ఈ మెట్లెక్కేటప్పుడు నీకు చెయ్యి ఊపేవాణ్ణి. నువ్వూ ఊపేదానివి. ఆ వారంలో నువ్వు ఊపలేదు."

నేను ఊపడం మానేశానని నాకే తెలియదు చెల్లీ.

నీ దగ్గరికి ఎందుకొచ్చాడో కూడా అడిగాను. నా దగ్గర కళ్ళు ఆనలేదని అబద్ధం చెప్పింది నన్ను నొప్పించకుండా ఉండాలనట. "నీ పని చూస్తే నాకు చెప్పడానికేం మిగల్లేదు. చిన్నదానికింకా నా అవసరముంది" అన్నాడు. అది పొగడ్తో, తిట్టో తేల్చుకోలేక అక్కడే కూర్చుండిపోయాను.

కాళ్ళు పట్టుకోబోతే ఒప్పుకోలేదు. "లోపల పిన్ని వింటోంది, ఊరుకో. నాకు ఈ గదిలో చెబితే ఏం లాభం? నలుగురిలో పడ్డ మాట నలుగురిలోనే పోవాలి" అన్నాడు. నేను మీ షెడ్డుకి వచ్చి, అందరి ముందూ, ఆ కాగితం రాసింది నేనని, ఎందుకు రాశానో కూడా చెబితే వస్తానన్నాడు. ఎందుకు రాశానో కూడా! దానికంటే జైలు నయం.

ఆ ఫిర్యాదు రాసింది నేనేనని ఆఫీసుకి నా పేరు, సంతకం పెట్టి ఉత్తరం వేశాను. వాళ్ళు దాన్ని ఫైల్లో పెట్టుకున్నారు, అంతే. అది తేలిక. మీ షెడ్డు తేలిక కాదు. ఆ ఆడవాళ్ళిద్దరూ నన్ను చూస్తారు. నువ్వు చూస్తావు.

నా కుళ్ళు పోయిందని రాయడం లేదు. ఈ పొద్దున కూడా మేకుల కొట్టాయన నీ పేరెత్తితే లోపల గిల్లినట్టయింది. అది ఉండగానే వస్తాను. అది పోయేదాకా ఆగితే బాబాయి బతికుండడు.

రమ్మంటావా?

అక్క


మిల్లు వెనక పేట
మంగళవారం

అక్కా,

రా. గురువారం పదకొండింటికి టీ వేళ. అందరూ పనిముట్లు కింద పెట్టి ఉంటారు. బాబాయికి నేను కబురు పంపాను, ఆయన ముందే వచ్చి కూర్చుంటానన్నాడు.

నేను నిన్ను వెనకేసుకురాను. "పోనీలే అక్కా" అని మధ్యలో ఆపను. నీ మాట నువ్వే చివరిదాకా చెప్పాలి. చెప్పాక నేనేమంటానో నాకే తెలియదు, ఇప్పటినుంచే ఆశ పెట్టుకోకు.

బస్సు కాలవ అవతలే ఆగుతుంది. అక్కడి నుంచి చెక్క వంతెన మీద నడిచి రావాలి. వంతెనకి ఒకవైపు పట్టుకోవడానికి ఏమీ లేదు, నీకు నీళ్ళు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

అవతలి గట్టుకి నేనొస్తాను.

చెల్లి